గులాబి కాయయు మన యుసిరికయు



గడచిన మాఘమాసమున పట్టణమునుండి వచ్చిన నా మనుమడు నా చేతిలో ఒక చిన్న సీసా పెట్టి, "తాతగారూ, ఇది మీ మోకాళ్ళ నొప్పికి" అనెను. లోపల ఎఱ్ఱని పొడి యున్నది. ఏమిటని యడుగగా గులాబి కాయల పొడి యని చెప్పెను. ముప్పదియైదేండ్లు బడిలో పాఠములు చెప్పినవాడను. గులాబి పూవును వర్ణించు పద్యములకు తాత్పర్యములు వ్రాయించినవాడను. గులాబికి కాయ గలదన్న మాట ఆ దినము వఱకు నాకు తట్టనే లేదు. మన పెరళ్ళలోనిది ముద్దగులాబి. విచ్చినదే తడవుగా కోసి దేవుని పటమునకో ఆడపిల్ల జడకో పెట్టుదుము. ఇక కాయ కాచుట కెడమెక్కడిది? చలిదేశములలో కంచెలవెంట పెరుగు అడవి గులాబికి, రేకులు రాలిన పిమ్మట, రేగుపండంత యెఱ్ఱని కాయ నిలుచును. దాని పొడియే ఆ సీసాలోనిది. మోకాళ్ళ నొప్పికి అది కొంత ఉపశమనము నిచ్చునని కొన్ని పరీక్షలలో కనబడినదట. ఆ ఫలము స్వల్పమే ననియు పరీక్షించినవారే చెప్పుచున్నారు. నేనును కొన్నాళ్ళు వేసికొంటిని. నా మోకాళ్ళు మాత్రము తమ అభిప్రాయమును మార్చుకొనలేదు.

అయినను ఆ కాయకొక గొప్ప చరిత్ర యున్నది. రెండవ ప్రపంచ యుద్ధమున జర్మనుల జలాంతర్గాములకు వెఱచి ఇంగ్లండునకు నారింజలు తెచ్చు ఓడలు తగ్గిపోయెను. పసిబిడ్డలకు పులుపు పండ్లు లేకపోయిన నేమగునో ఆ ప్రభుత్వమునకు తెలియును. అందుచే 1941 మొదలుకొని బడిపిల్లలును, పల్లెల స్త్రీసమాజములవారును బుట్టలు పట్టుకొని కంచెలవెంట తిరిగి గులాబి కాయలు కోసి తెచ్చిరి. ఆ కాయ లోపలి నూగు గొంతును గీచును గనుక, ఉడికించి గుడ్డతో వడియగట్టి, పానకము చేసి శిశువులకు చెంచాతో పోసిరి. అంతవఱకు పిట్టలు తినెడి కాయ ఒక దేశపు బిడ్డలను కాపాడెను. బడిపంతులను గనుక నాకా బుట్టలు పట్టిన పిల్లలే మాటిమాటికిని కనులలో మెదలుదురు.

ఆ కాయలోని గుణము విటమిను సి. దాని లేమివలన వచ్చు వ్యాధిని స్కర్వీ యందురు. చిగుళ్ళు ఉబ్బి నెత్తురు కారును, పండ్లు కదలును, ఎన్నడో మానిన గాయములు మరల విచ్చుకొనును. 1497లో బయలుదేరి మన కళ్ళికోటకు వచ్చిన వాస్కో డ గామా నావికులలో అనేకులు దీనిచేతనే మడిసిరి. 1747లో జేమ్సు లిండు అను ఓడవైద్యుడు పండ్రెండుగురు రోగులను ఇద్దరిద్దరిగా విడదీసి, ఒక్కొక్క జంటకు ఒక్కొక్క ఔషధ మిచ్చి చూచెను. నారింజలు, నిమ్మలు తినిన యిద్దరును అందఱికంటె ముందుగా కోలుకొనిరి. ఇంత స్పష్టముగా తెలిసినను, ఆంగ్ల నౌకాదళమున నిమ్మరసము నియమమగుటకు 1795 వఱకు పట్టెను. కచేరీలలో కాగితము కదలుట నాడును అట్లే యుండెను కాబోలు. హంగేరీ దేశీయుడగు సెంట్ గ్యోర్గీ 1928లో ఆ పదార్థమును వేఱుచేసెను; అదియే విటమిను సి యని 1932లో తేలెను; 1937లో ఆయనకు నోబెలు బహుమానము వచ్చెను. ఆవు, మేక, కుక్క దీనిని తమ దేహముననే కల్పించుకొనును. మనుష్యునకా శక్తి లేదు; దినదినము నోటినుండియే పోవలయును.

ఇంతవఱకు చదివిన పిమ్మట నాకు కొంచెము సిగ్గు కలిగినదని యొప్పుకొనెదను. మా కోటపాడునుండి పడమటగా చూచిన కనబడు కొండలలో ఉసిరిక చెట్లు తమంతట తామే పెరుగుచుండగా, నేను సీసాలోని పరదేశపు కాయను పరగడుపున మింగుచుంటిని! 1935లో మదరాసున దామోదరన్, శ్రీనివాసన్ అను విద్వాంసులు మన దేశపు మొక్కలలో ఈ విటమినును కొలిచి ప్రకటించిరి. ఉసిరిక యందలి మొత్తము ఆశ్చర్యకరముగా నుండెను. పూర్వపు పట్టికలలో నూఱు గ్రాముల కండకు 600 మిల్లీగ్రాములని వ్రాసియున్నది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2017లో ప్రకటించిన పట్టికలలో అందులో సగమునకును తక్కువయే. తగ్గినను భయము లేదు. పురుషునకు దినమునకు 80 మిల్లీగ్రాములు కావలయునని 2020లో నిర్ణయించిరి. ఒకటి రెండు కాయలతో ఆ లెక్క తీఱును. 1939–40లో పంజాబులోని హిస్సారు జిల్లాలో కఱవు వచ్చి స్కర్వీ వ్యాపించినపుడు ఉసిరిక పొడితోనే చికిత్స చేసిరి. ఇంగ్లండు పిల్లలు బుట్టలెత్తుటకు కొంచెము ముందుమాటయే యిది.

కొలిచినది నిన్న మొన్ననే కాని, ఎఱిగినది నిన్న మొన్న కాదు. అనకాపల్లి దగ్గఱ శంకరమున బొజ్జన్నకొండ యున్నది. 1906 మొదలుకొని అలెగ్జాండరు రే అను పురాతత్త్వవేత్త త్రవ్వించి, ఆ బౌద్ధ స్తూపములను, గుహలను వెలికి తెచ్చెను. కనుమనాడు మనవారు అచ్చటికి తీర్థమునకు పోవుదురు. ఆ గుహలలో వసించిన భిక్షువులు ఏమి తినిరో, జబ్బుపడినపుడేమి పుచ్చుకొనిరో తలచువారు తక్కువ. భిక్షువు మధ్యాహ్నము దాటిన పిమ్మట భోజనము చేయరాదు, ఆహారము దాచుకొనరాదు. కాని వినయపిటకమున ఔషధముగా దగ్గఱ నుంచుకొనుటకు అనుమతించిన ఫలములలో కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ మూడును ఉన్నవి. మన వైద్యులు త్రిఫల యను మూడివే. కాషాయపు మూటలో ఎండిన ఉసిరికతో బొజ్జన్నకొండ మెట్లెక్కిన భిక్షువును నేను కన్నులార చూచినట్లే తోచుచున్నది.

ఈ కొండలు ఆనాటి కళింగములోనివి. ఆ కళింగమును జయించి పశ్చాత్తప్తుడైనవాడు అశోకుడు. ఆయన చివరి దినముల కథ అశోకావదానమున నున్నది. ఆయన దానములకు కోశము తఱుగునని మంత్రులు అడ్డుపడిరి. తుదకు ఆయన చేతిలో మిగిలినది సగము ఉసిరికాయ. దానినే కుక్కుటారామమునకు పంపెను. భిక్షువులు దానిని నూఱి పులుసులో కలిపి సంఘమున కంతటికిని పంచిరట. కథలో నిజమెంతయో చెప్పజాలను. సర్వము పోయినవాని చేతిలో కవి ఏ కాయ నుంచెనో చూడుడు! మామిడిపండు కాదు, రోగికి ఔషధమైన కాయ.

చరకసంహితకు వచ్చినచో, వయస్సును నిలుపు ద్రవ్యములలో ఉసిరికకే అగ్రస్థానము. వృద్ధుడగు చ్యవనమహర్షికి అశ్వినీదేవతలు యౌవన మిచ్చిన కథ మీరెఱిగినదే. ఆయన పేర వెలసిన లేహ్యమునకు 500 ఉసిరికాయలు కావలెనని చరకుని లెక్క. నేడు అంగళ్ళలో అమ్ము లేహ్యములలో చాలవానియందు పెద్దపాలు చక్కెరయే. డబ్బా వెనుక సన్నని అక్షరములు వ్రాసియుందురు. మనుమలచేత చదివించి వినుడు. ఉసిరికకు ఐదు రుచులు గలవు, ఉప్పు మాత్రము లేదని వైద్యుల మాట. ఆ ఆఱవ రుచిని మన యిల్లాండ్రు జాడీలో చేర్చి లోపము తీర్చిరి.

కార్తికమున ఉసిరిక క్రింద వనభోజనము, క్షీరాబ్ది ద్వాదశినాడు తులసికోటలో ఉసిరికొమ్మ, కాయపై దీపము. ఈ యాచారములు కాయ పండు కాలముననే వచ్చుట చూడుడు. మా నాయనమ్మ ద్వాదశి మఱునాడే పచ్చడి పెట్టెడిది. చోడి అంబలితో నంజుకొనుటకు వేసవి వఱకు వచ్చెడిది. రాత్రివేళ, ఆదివారమునాడు తిననిచ్చెడిది కాదు. ఆ నిషేధమునకు కారణము నాకు దొరకలేదు. కాని అంబలితో పచ్చడి నంజుటలో యుక్తి యున్నది. ధాన్యములలోను ఆకుకూరలలోను ఉన్న యినుము దేహమునకు పట్టుటకు విటమిను సి తోడ్పడును. రక్తము తక్కువైన మన యాడువారికిది మేలు. ఆస్పత్రిలో నిచ్చు మాత్రలకు బదులు కాదు, వానికి తోడు.

బదులు కాదని ఏల నొక్కి చెప్పుచున్నానన, మా బావగారి సంగతి మఱవలేకున్నాను. ఆయనకు మధుమేహము. తీర్థములో ఎవడో ఉసిరికరసపు సీసాలమ్ముచు, నలువది దినములలో చక్కెర మాయమగునని చెప్పెనట. బావగారు మాత్రలు మాని ఆ రసము త్రాగిరి. కాలికి ముల్లు గ్రుచ్చుకొని పుండైనను నెలదినములు దాచిరి. చివరకు రెండు వ్రేళ్ళు తీసివేసిరి. ఆ సీసాను ఆయన చేతిలో నేనును చూచితిని. "చరకుడు చెప్పినదే కదా" అని నేనే తలయూపితిని. నేను చదివిన చదువులో ఆ తలయూపును సమర్థించు వాక్యమొకటియు లేదు. చరకుడు ఉసిరికను పొగడెను. రోగిని చూడక మందు మానుమనలేదు. ఉసిరిక లేమిని తీర్చును, ఆహారమునకు బలము నిచ్చును. మధుమేహమునకు మందులు వాడువారును, నెత్తురు పలుచబడుటకు మాత్రలు మింగువారును రసము మోతాదుగా త్రాగదలచినచో ముందు తమ వైద్యుని అడుగవలయును. భోజనమున కాయయో రెండు ముక్కల పచ్చడియో తినుటకు సామాన్యముగా దోషము లేదు.

పచ్చికాయ శ్రేష్ఠము. ఉడికించిన కొంత గుణము పోవును. రాగి పాత్రలో నుంచిన విటమిను త్వరగా చెడును. ఇనుప మూకుడులో నల్లబడును, అది వగరువలన, భయపడ నక్కఱలేదు. ఎండబెట్టువారు నీడ నెండబెట్టిన మంచిది. పాడేరు మన్యమున గిరిజనులు అడవిలో ఏరి, గింజ తీసి యెండబెట్టి అమ్ముదురు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అట్టి అటవీఫలములు కొనుచున్నది. చెట్టు నఱకి కాయలు కోయు దుర్మార్గము కొన్నిచోట్ల కలదు; కొనెడివారు అడిగిన అమ్మెడివారు మానుదురు.

పోయిన కార్తికమున మా వీధి పిల్లలతో వనభోజనమునకు పోతిని. పులిహోర, బూరెలు అన్నియు చెల్లినవి. పూజకు తెచ్చిన ఉసిరికాయలు మాత్రము విస్తళ్ళ ప్రక్కన పడియున్నవి. ఒక్కొక్కనికి ఒక్కొక్కటి యిచ్చి నమలుమంటిని. నలుగురు మొగము చిట్లించి ఉమిసిరి. ఒక చిన్నవాడు మాత్రము పట్టుదలతో నమిలి, చెంబెత్తి నీళ్ళు త్రాగి, "మాస్టారూ, నీళ్ళు తియ్యగా నున్నవి" అని ఆశ్చర్యముతో రెండవకాయకు చేయి చాచెను.