బ్రేకింగ్ న్యూస్ వేళ ఏ ఛానల్? సూరత్ తెలుగు ఇళ్లలో మూడు భాషల ఎంపిక

సూరత్ నగరానికి ఉత్తరాన, తాపీ నదికి ఆవలి ఒడ్డున, ముంబై–అహ్మదాబాద్ రైలు మార్గంపై ఉన్న శివారు ప్రాంతం కోసాడ్. నదీతీర మురికివాడల నుంచి తరలించిన కుటుంబాల కోసం జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం పథకం కింద నిర్మించిన భారీ గృహ సముదాయం ఇక్కడే ఉంది. గుజరాతీ, హిందీ, మరాఠీ, ఒడియా మాట్లాడేవారు ఒకే మెట్ల వరుసను పంచుకునే ఇలాంటి శివార్లలో ఏదైనా పెద్ద ఘటన జరిగిన రోజున ఒక్కో తలుపు వెనుక ఒక్కో భాషలో టీవీ మోగుతుంది. సూరత్‌లో స్థిరపడిన తెలుగువారి ఇళ్లలోనైతే ఒకే టీవీ మూడు భాషల మధ్య తిరుగుతుంది.

సూరత్ తెలుగువారిలో అధికులు తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వచ్చిన నేత కుటుంబాలవారు. లింబాయత్ పరిసరాలు వీరి ప్రధాన నివాస ప్రాంతం. నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నడుపుతుండటం ఈ వలస ఎంత పాతదో తెలియజేస్తుంది. వీరికి ‘తాజా వార్త’ అంటే ఒకటి కాదు, రెండు. ఒకటి ఉంటున్న ఊరి వార్త, రెండోది వదిలి వచ్చిన ఊరి వార్త. ఏ ఛానల్ పెట్టాలన్న ప్రశ్నకు మొదటి సమాధానం ఈ తేడాలోనే ఉంది.

తాపీకి వరద వస్తోందా లేదా అన్నది హైదరాబాద్‌లోని స్టూడియో చెప్పలేదు. సూరత్‌కు సుమారు 100 కిలోమీటర్ల ఎగువన ఉన్న ఉకాయ్ జలాశయం పూర్తి నీటిమట్టం 345 అడుగులు. వానాకాలంలో ఆ అంకెకు నీరు ఎంత దూరంలో ఉంది, ఎన్ని గేట్లు ఎత్తారు, ఎన్ని క్యూసెక్కులు వదిలారు అన్న వివరాలు గుజరాతీ ఛానళ్లలోనే వేళకు దొరుకుతాయి. అదే విశాఖపట్నంపై 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడినప్పుడో, 2020 మే 7 తెల్లవారుజామున అదే నగర శివార్లలోని పాలిమర్ల కర్మాగారం నుంచి స్టైరీన్ వాయువు లీకైనప్పుడో ఏ వీధి ఖాళీ చేయిస్తున్నారో, ఏ ఆసుపత్రికి తరలిస్తున్నారో పేరుపేరునా చెప్పగలిగినవి తెలుగు ఛానళ్లు. జాతీయ ఛానళ్లకు అది ‘ఆంధ్రప్రదేశ్‌లో దుర్ఘటన’. అక్కడ అన్నదమ్ములున్నవారికి కావలసింది వీధి పేరు.

మీడియా అధ్యయనాలు ఈ ప్రవర్తనను చాలా కాలం క్రితమే గుర్తించాయి. ప్రేక్షకుడు తనకు అందినదాన్ని ఊరికే స్వీకరించడని, తన అవసరాన్ని బట్టి మాధ్యమాన్ని ఎంచుకుంటాడని చెప్పే సిద్ధాంతం 1970ల నాటికే స్థిరపడింది. సాండ్రా బాల్–రొకీచ్, మెల్విన్ డిఫ్లర్ 1976లో ప్రతిపాదించిన ‘మాధ్యమంపై ఆధారపడే’ సిద్ధాంతం మరో అడుగు ముందుకు వేసింది. సమాజంలో అనిశ్చితి పెరిగేకొద్దీ మాధ్యమాలపై మనిషి ఆధారపడటమూ పెరుగుతుందని అది చెబుతుంది. మామూలు రోజుల్లో సీరియళ్లు చూసే ఇల్లు విపత్తు వేళ వార్తల ఛానల్‌కు మారడానికి కారణం ఇదే. పరభాషా ప్రాంతంలో ఉన్నవారికి ఈ అనిశ్చితి రెట్టింపు.

మొదట తెలిసేది టీవీలో కాదు

టీవీయే మొదట చెబుతుందనేది పాత కాలంలోనూ సగమే నిజం. 1963 నవంబరు 22న అమెరికా అధ్యక్షుడు జాన్ కెనడీ హత్యకు గురైనప్పుడు ఆ వార్త ప్రజలకు ఎలా చేరిందో బ్రాడ్లీ గ్రీన్‌బర్గ్ అనే పరిశోధకుడు అధ్యయనం చేశారు. దాదాపు సగం మందికి ఆ సంగతి మరో మనిషి నోట తెలిసింది. విన్న తర్వాతే వారు రేడియో, టీవీల వైపు పరుగెత్తారు. అప్పటి పక్కింటి మనిషి స్థానంలో ఇప్పుడు వాట్సాప్ ఉంది. పన్నెండు గంటల షిఫ్టులో, సాంచాల హోరులో పనిచేసేవారికి మొదటి కబురు జేబులోని ఫోన్‌కే వస్తుంది. టీవీ చేసే పని ఆ కబురును ధ్రువీకరించడం, లేదా తోసిపుచ్చడం. కాబట్టి బ్రేకింగ్ న్యూస్ ఛానల్‌ను ఎంచుకోవడమంటే ‘ఎవరు ముందు చెబుతారు’ అన్నదానికన్నా ‘ఎవరు చెబితే నమ్ముతాం’ అన్న ప్రశ్నకే ఎక్కువ దగ్గర. ఛానళ్లు మాత్రం తెరపై ‘మొదట మేమే’ అని రాసుకోవడం మానలేదు.

నమ్మకం ఎక్కడ పుడుతుంది? పెద్ద ఘటన జరిగిన రోజున బాగా పనిచేసిన ఛానల్ ఆ పేరును ఏళ్ల తరబడి అనుభవిస్తుంది. 1980 జూన్ 1న మొదలైన సీఎన్‌ఎన్‌కు ప్రపంచవ్యాప్త గుర్తింపు తెచ్చింది 1991 జనవరి నాటి గల్ఫ్ యుద్ధం. మన దేశంలో ఆజ్‌తక్ 2000 డిసెంబరు 31న ప్రసారాలు ప్రారంభించింది. నెల తిరగకముందే, 2001 జనవరి 26న, భుజ్ భూకంపం వచ్చింది. సూరత్ దాకా భవనాలను కుదిపిన ఆ విపత్తు 24 గంటల హిందీ వార్తా ఛానల్ అవసరాన్ని గుజరాత్ ప్రేక్షకులకు ప్రత్యక్షంగా చూపించింది. తెలుగులో 2003 చివర్లో ఈటీవీ–2, 2004 ఆరంభంలో టీవీ9, 2007లో ఎన్‌టీవీ, టీవీ5, 2009లో సాక్షి, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి వరుసగా వచ్చాయి. ఆరేళ్లలో ఇన్ని ఛానళ్లు రావడంతో వేగమే పోటీకి కొలమానమైంది.

ఆ వేగం ఎంత ప్రమాదకరమో 2009 సెప్టెంబరు 2న తెలిసింది. నాటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ నల్లమలలో గల్లంతైన ఆ రోజంతా పరస్పర విరుద్ధమైన కథనాలు తెరలపై నడిచాయి. మర్నాడు ఉదయం శకలాలు కనిపించేదాకా ప్రేక్షకులు ఛానల్ నుంచి ఛానల్‌కు మారుతూనే ఉన్నారు. నాలుగు నెలల తర్వాత, 2010 జనవరిలో, ఆ ప్రమాదంపై ఒక రష్యన్ వెబ్‌సైట్‌లో వచ్చిన ఆధారం లేని ఆరోపణను తెలుగు ఛానళ్లలో ప్రసారం చేయగా, కొన్ని గంటల్లోనే ఒక పారిశ్రామిక సంస్థ దుకాణాలపై రాష్ట్రవ్యాప్తంగా దాడులు జరిగాయి. పాత్రికేయుల అరెస్టులూ జరిగాయి.

‘అట’ లేని భాష

ఈ సందర్భంగా తెలుగు వ్యాకరణంలోని ఒక చిన్న విషయాన్ని ప్రస్తావించాలి. ‘వచ్చాడు’ అనడానికీ ‘వచ్చాడట’ అనడానికీ మధ్య ఉన్న దూరం తెలుగువాడికి ఎవరూ నేర్పనక్కర్లేదు. మొదటిది చూసి చెప్పిన మాట, రెండోది విని చెప్పిన మాట. వార్తల తెలుగు ఈ ‘అట’ను గ్రామ్యమని పక్కనపెట్టి, దాని స్థానంలో ‘సమాచారం’, ‘తెలుస్తోంది’, ‘విశ్వసనీయ వర్గాల కథనం’ వంటి పదాలను తెచ్చుకుంది. తెర కింద పరుగెత్తే స్క్రోలింగ్‌లో స్థలం చాలక అవి కూడా రాలిపోతాయి. క్రియ పోయి నామవాచకం మిగులుతుంది, దాని పక్కన ఒక ప్రశ్నార్థకం చేరుతుంది. ఆ ప్రశ్నార్థకమే ఇప్పటి ‘అట’. అనుభవం ఉన్న ప్రేక్షకులు దాన్ని పట్టేస్తారు. అది తొలగి, ఒక అధికారి మైకు ముందుకు వచ్చేదాకా మరో ఛానల్‌లో వెతుకుతారు.

గుజరాతీ ఛానళ్ల విషయంలో చిక్కు వేరు. సూరత్‌లో ఏళ్ల తరబడి ఉన్న పెద్దలు గుజరాతీ విని అర్థం చేసుకోగలిగినా, లిపి రాకపోతే స్క్రోలింగ్ వారికి గీతల వరుస మాత్రమే. అక్కడ పిల్లలే దుబాసీలు. పిల్లలు ఇంట్లో లేకపోతే దృశ్యాలు ఎక్కువ, అక్షరాలు తక్కువ ఉన్న ఛానల్ గెలుస్తుంది, లేదా లిపి కొంత పరిచితమైన హిందీ ఛానల్‌కు రిమోట్ మారుతుంది. భాషను ఇష్టంగానో అభిమానంగానో మాత్రమే చూసేవారు ఈ సాధారణ కారణాన్ని మరిచిపోతుంటారు.

దృశ్యానికున్న బలం సూరత్‌కు 2019 మే 24న తెలిసివచ్చింది. సర్థాణా ప్రాంతంలోని తక్షశిల వాణిజ్య సముదాయంలో మంటలు చెలరేగి, శిక్షణ తరగతుల్లో ఉన్న 22 మంది విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. లోక్‌సభ ఎన్నికల ఫలితాలు వెలువడిన మరుసటి రోజు అది. పైఅంతస్తు నుంచి పిల్లలు దూకుతున్న దృశ్యాలు దారిన పోయేవారి ఫోన్లలో రికార్డయి, ఫోన్ల నుంచి టీవీలకు చేరాయి. ఏ ఛానల్ పెట్టినా అవే దృశ్యాలు. అలాంటప్పుడు ఛానళ్ల మధ్య తేడా చూపేది దృశ్యం కాదు, దాని పక్కన చెప్పే సంగతి. గాయపడినవారు ఏ ఆసుపత్రిలో ఉన్నారు, సహాయ కేంద్రం నంబరు ఏది అన్నవే ఆ సాయంత్రం నగరంలోని తల్లిదండ్రులకు కావలసిన వార్తలు.

2020 లాక్‌డౌన్‌లో ఈ ‘ఇక్కడ–అక్కడ’ విభజన మరింత పదునెక్కింది. ఆ ఏడాది ఏప్రిల్, మే నెలల్లో సొంత ఊళ్లకు పంపాలంటూ సూరత్‌లో వలస కార్మికులు పలుమార్లు వీధుల్లోకి వచ్చారు. దేశంలో తొలి శ్రామిక్ ప్రత్యేక రైలు మే 1న బయలుదేరింది హైదరాబాద్ శివార్లలోని లింగంపల్లి నుంచే. అది ఝార్ఖండ్‌లోని హటియాకు వెళ్లింది. సూరత్ నుంచి రైళ్లు ఎప్పుడు, ఎక్కడ పేరు నమోదు చేసుకోవాలి అన్నది గుజరాతీ, హిందీ వార్త. ఊరికి చేరాక క్వారంటైన్ ఎన్ని రోజులు, సరిహద్దు దాటనిస్తారా అన్నది తెలుగు వార్త. ఈ రెండింటిలో ఏది తప్పినా కుటుంబం నడిదారిలో చిక్కుకునే పరిస్థితి. వదంతి నమ్మి స్టేషన్‌కు వెళ్లడం ఆ రోజుల్లో చిన్న పొరపాటు కాదు.

ఎంపిక ఎంతవరకు ప్రేక్షకుడిది?

ఇంతవరకు చెప్పిన కారణాలన్నీ ఛానల్ అందుబాటులో ఉంటేనే పనిచేస్తాయి. కేబుల్ డిజిటలీకరణ రెండో దశలో, 2013 మార్చి 31 గడువుతో, హైదరాబాద్, విశాఖపట్నంతో పాటు సూరత్ కూడా సెట్‌టాప్ బాక్సుల్లోకి మారింది. పాత అనలాగ్ తీగలో పట్టని ఛానళ్లకు అప్పుడు చోటు దొరికింది. అయినా గుజరాత్ కేబుల్ సంస్థ తన ప్యాకేజీలో గుజరాతీ, హిందీ ఛానళ్లకే పెద్దపీట వేస్తుంది. పలు తెలుగు వార్తా ఛానళ్లు ఉచితమైనవే అయినా, వాటిని మోసుకెళ్లేందుకు కేబుల్ సంస్థకు ప్రసారకర్త రుసుము చెల్లించాల్సి రావచ్చు. హైదరాబాద్, విజయవాడ ప్రకటనలపై నడిచే ఛానల్‌కు సూరత్‌లోని ప్రేక్షకుల కోసం ఆ ఖర్చు లెక్కకు రాదు. అందుకే బయటి రాష్ట్రాల తెలుగువారు చాలాచోట్ల డీటీహెచ్ వైపు, ఇప్పుడు ఫోన్‌లో యూట్యూబ్ ప్రత్యక్ష ప్రసారాల వైపు మొగ్గుతున్నారు. దూరదర్శన్ ఉచిత డిష్ పెట్టుకున్నవారికి సప్తగిరి, యాదగిరి అందుతాయి.

దీనికి ఒక వింత పార్శ్వమూ ఉంది. 2014 జూన్‌లో తెలంగాణ కేబుల్ ఆపరేటర్లు టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ప్రసారాలను నిలిపివేశారు. 2024 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారాక కొన్ని ఛానళ్లు కేబుల్‌లో కనిపించకుండా పోవడంతో వివాదం ఢిల్లీ హైకోర్టుకు చేరింది. సొంత రాష్ట్రంలో మాయమైన ఛానల్ బయటి రాష్ట్రంలో ఉన్నవారికి మామూలుగానే అందే అవకాశం ఉంది. ఏ ఛానల్ ఏ పార్టీ వైపు మొగ్గుతుందో తెలుగు ప్రేక్షకులకు తెలిసిన విషయమే. అందుకే రాజకీయ వార్తకు తమకు నచ్చిన ఛానల్‌తో మొదలుపెట్టి, అది నిజమో కాదో తేల్చుకోవడానికి ప్రత్యర్థి ఛానల్ పెట్టడం చాలా ఇళ్లలో కనిపించే అలవాటు. రెండూ ఒకే మాట చెబితే వార్త ఖాయమైనట్టే.

ఇలా మారే రిమోట్‌ను కొలిచే వ్యవస్థ బార్క్. ఎంపిక చేసిన ఇళ్లలో అమర్చిన మీటర్ల ద్వారా 2015 నుంచి ఈ సంస్థ వీక్షణ గణాంకాలు ఇస్తోంది. రేటింగుల తారుమారు ఆరోపణలపై ముంబై పోలీసుల కేసు తర్వాత 2020 అక్టోబరులో వార్తా ఛానళ్ల రేటింగులు నిలిచిపోయాయి. 2022 మార్చిలో నాలుగు వారాల సగటు రూపంలో తిరిగి వచ్చాయి. నెల సగటు కాబట్టి ఒక్క రోజు సంచలనంతో పైకి ఎగబాకడం కొంత కష్టమైంది. సెట్‌టాప్ బాక్స్ ఆన్ చేయగానే దానంతటదే కనిపించే తొలి పేజీలో ఛానల్‌ను కూర్చోబెట్టడంపై మాత్రం వివాదం తీరలేదు. అలా కనిపించిన ఛానల్‌ను ప్రేక్షకుడు ఎంచుకున్నాడని చెప్పడం పదాన్ని సాగదీయడమే.

భద్రతా చర్యల ప్రత్యక్ష ప్రసారంపై నియంత్రణ ఉంది. ముంబైపై 2008 నవంబరు 26 దాడుల అనుభవంతో, ఉగ్రవాద వ్యతిరేక చర్యలు ముగిసేదాకా అధికారి ఇచ్చే వివరాలకే పరిమితం కావాలన్న 6(1)(పి) నిబంధనను కేబుల్ టెలివిజన్ నియమాల్లో 2015లో చేర్చారు. 2025 ఏప్రిల్ 26న కేంద్ర సమాచార, ప్రసార శాఖ దాన్ని మళ్లీ గుర్తుచేసింది. అయినా మే 8, 9 తేదీల రాత్రి పాకిస్థాన్‌తో ఘర్షణల వేళ కరాచీ రేవు ధ్వంసమైందంటూ పలు భారతీయ ఛానళ్లలో వచ్చిన కథనాలు అవాస్తవమని తేలాయి. కార్యక్రమాల్లో వైమానిక దాడి సైరన్ శబ్దాన్ని వాడొద్దని కూడా ఛానళ్లను ఆదేశించాల్సి వచ్చింది. అసలు సైరన్ మోగినప్పుడు జనం దాన్ని టీవీ మోత అనుకునే ప్రమాదం ఉందన్నది అధికారుల ఆందోళన. సరిహద్దు రాష్ట్రమైన గుజరాత్‌లో కచ్ ప్రాంతం ఆ రాత్రుల్లో చీకట్లోనే గడిపింది.

ఏ ఛానల్ పెట్టాలన్న ప్రశ్నే లేని సందర్భం కూడా సూరత్‌కు తెలుసు. 2006 ఆగస్టులో ఉకాయ్ నుంచి తొమ్మిది లక్షల క్యూసెక్కులకు పైగా నీరు విడుదలైనప్పుడు నగరంలో దాదాపు మూడు వంతుల ప్రాంతం మునిగింది. కరెంటు పోవడంతో ఇళ్లలోని టీవీలు మూగబోయాయి. ఊరు మునిగిన దృశ్యాలను దేశమంతా చూసింది. సూరత్‌లో ఉన్నవారు మాత్రం చూడలేకపోయారు.