పూడికతీత: పార నుండి నీటిధార వరకు

నల్లగొండ పట్టణమును ఆనుకొనియున్న పానగల్లు ఒకప్పుడు కందూరు చోడులకు రాజధాని. ఛాయా సోమేశ్వరాలయమును దర్శింపవచ్చు యాత్రికులు చెంతనున్న ఉదయసముద్రమును గూడ చూచుచుందురు. ఆ చెరువునకు ఆ వంశపు ఉదయచోడుని పేరే నిలిచినది. 16వ శతాబ్దిలో, ఇబ్రహీం కుతుబ్ షా ఏలుబడిలో, మూసీనది నుండి దీనికి నీరు తెచ్చిన కాలువను గూర్చి పానగల్లు శాసనము తెలుపుచున్నది. ప్రభువుల పేర్లు శిలలపై మిగిలినవి. కాలువలలోని ఒండ్రును పారతో ఎత్తిపోసినవారి పేర్లు మాత్రము మనకు చేరలేదు.

వేగముగా పారు నీరు మట్టిని మోసికొనిపోవును. వేగము తగ్గినచోట దానిని దించివేయును. పూడికకు కారణమిదియే. తూము తెరచి మూయు నీరడియు, కాలువ బాగుచేయ కదలివచ్చు రైతులును తెలంగాణ పల్లెలకు సుపరిచితులు. వారి శ్రమ కఠినమైనదే. అయినను వారి తలపై ఆకాశముండెను. పీల్చుటకు గాలి యుండెను.

పట్టణములలో మురుగు నేలక్రిందికి దిగిన పిమ్మట ఆ రెండును కరవైనవి. 1908 నాటి మూసీ వరద తరువాత హైదరాబాదునకు వరద రక్షణతోపాటు మురుగునీటి ఏర్పాటును గూడ మోక్షగుండం విశ్వేశ్వరయ్య రూపొందించిరి. భూగర్భపు కాలువలు నగరారోగ్యమునకు మేలుచేసినవి. కాని అవి పూడినప్పుడు మ్యాన్‌హోలులో దిగవలసినవాడు మనిషియే. తరతరములుగా ఆ పని కొన్ని కులముల నెత్తిననే పడినది. లోపల పుట్టు హైడ్రోజన్ సల్ఫైడు వాయువు కుళ్ళిన గ్రుడ్డు వాసన వేయును. గాఢమైనప్పుడు వాసన పట్టు శక్తినే చంపివేయును. అందుచే హెచ్చరిక యుండదు. ఒకడు కూలగా, వానిని రక్షింపదిగిన రెండవవాడును కూలును.

ఈ ఆపదకు విరుగుడు నీటిలోనే దొరకినది. జెట్టింగు యంత్రము నీటిని సాధారణముగా చదరపు సెంటీమీటరునకు నూరు కిలోగ్రాములకు మించిన ఒత్తిడితో గొట్టములోనికి పంపును. గొట్టపు కొననున్న నాజిలుకు వెనుకవైపు రంధ్రములుండును. నిప్పులు వెనుకకు చిమ్ముచు తారాజువ్వ పైకెగసినట్లు, ధారలు వెనుకకు చిమ్ముచుండగా నాజిలు ముందునకు దూసికొనిపోవును. ఆ ధారలే పూడికను మ్యాన్‌హోలు వద్దకు త్రోసికొనివచ్చును. అచట దానిని పైకి తోడివేయుదురు. వేగము తగ్గి మట్టిని దించిన నీరే, వేగము పుంజుకొని దానిని కదల్చుచున్నది.

2013 నాటి చట్టము రక్షణ సాధనములు లేకుండ మనుషులను మురుగు కాలువలలో దింపుటను నిషేధించినది. 2017లో హైదరాబాదు జలమండలి ఇరుకు సందులలో సైతము తిరుగగల 70 చిన్న జెట్టింగు యంత్రములను ప్రవేశపెట్టినది. అయినను మరణములు ఆగలేదు. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు మృతుల కుటుంబములకు పరిహారమును 10 లక్షల నుండి 30 లక్షల రూపాయలకు పెంచవలసివచ్చినది.

నేడు ఉదయసముద్రమునకు కృష్ణాజలములు వచ్చుచున్నవి. నల్లగొండ ఇండ్లకు త్రాగునీరై చేరుచున్నవి. ఇంటికి వచ్చిన నీరు మురుగై వెడలక తప్పదు. గుడ్డపీలికలు, ప్లాస్టిక్ సంచులు అందులో కలియకుండ చూచుట గృహస్థుల చేతిలోని పని. అప్పటికిని వీధికాలువ పూడినచో యంత్రమునకే కబురంపవలెను. అది వచ్చుటకు ఒకపూట ఆలస్యమైనను వేచియుండుడని, కూలికి మనిషిని పిలిచి లోనికి దింపవలదని శ్రోతలను మేము కోరుచున్నాము.