పోలీన్ వియార్దో

పోలీన్ వియార్దో (1821–1910) ఫ్రెంచ్ ఒపేరా గాయని, గాత్ర గురువు, స్వరకర్త. స్పెయిన్ నుంచి వచ్చిన గార్సియాల సంగీత కుటుంబంలో పారిస్‌లో పుట్టారు. తండ్రి మాన్యుయెల్ పేరున్న టెనర్. అక్క మరియా మలిబ్రాన్ ఐరోపాను ఊపేసిన గాయని. లిస్ట్ వద్ద పియానో నేర్చి అందులోనే స్థిరపడాలనుకున్న పోలీన్‌ను తల్లి పాట వైపు మళ్లించింది. 1839లో లండన్‌లో రోసీని 'ఒటెల్లో'లో డెస్డిమోనాగా ఒపేరా రంగప్రవేశం చేశారు.

అక్కతో పోలిక ఆమెను చాలాకాలం వెంటాడింది. గొంతులో కొంత కరుకు ఉందన్నవారూ లేకపోలేదు. ఆ లోటును స్వరవ్యాప్తి, సంగీత జ్ఞానం, అభినయం కప్పేశాయి. మెయెర్‌బేర్ 'లె ప్రొఫెత్' (1849)లో తల్లి ఫిదేస్ పాత్రకు ఆమే తొలి గాయని. 1859లో గ్లుక్ 'ఒర్ఫే'ను బెర్లియోజ్ ఆమె గాత్రానికి తగ్గట్టు సవరించగా, నాయకుడి పాత్రను పురుషవేషంలో ఆమే పాడారు. ఆమె రంగస్థల జీవితంలో శిఖరం ఇదే అనవచ్చు.

1863లో పారిస్ వేదికకు వీడ్కోలు పలికి, జర్మనీలోని బాడెన్-బాడెన్‌లో పాఠాలు చెప్పారు. రష్యన్ రచయిత తుర్గేనెవ్ మాటలు రాయగా, శిష్యుల కోసం చిన్న ఒపేరాలు కూర్చారు. 1871–75 మధ్య పారిస్ కన్సర్వేటరీలో బోధించారు. దెజిరే ఆర్తో, మరియానె బ్రాంట్ ఆమె శిష్యురాళ్లే. ఆమె కూర్చిన 'సాంద్రియోం' అనే సలోన్ ఒపేరా ప్రదర్శితమయ్యేసరికి (1904) ఆమెకు 82 ఏళ్లు.