తీగెల లెక్క, బాటసారి లెక్క

నేడు నేను మీకు రెండు లెక్కల చరిత్రను మనవి చేయదలచితిని. మొదటిది ఊళ్ళకు విద్యుత్తు తీగెలు వేయుటను గూర్చినది. రెండవది ఊళ్ళు తిరిగి యిల్లు చేరుటను గూర్చినది. చూపునకు రెండును తోబుట్టువులవలె నుండును. కాని మొదటిది లొంగినది, రెండవది నేటికిని పూర్తిగా లొంగలేదు. ఏల యట్లయినదో విచారింతము.

మధ్య యూరోపున మొరేవియా యను సీమ కలదు. అది నేడు చెక్ దేశములోని భాగము. అచ్చటి బ్రనో నగరమున ఓటకర్ బొరూవ్కా యను యువ గణితవేత్త యుండెను. ఆయన జననము 1899లో. పశ్చిమ మొరేవియా విద్యుత్సంస్థలో పనిచేయు మిత్రు డొకడు ఆయన నిట్లు ప్రశ్నించెను: "ఏ రెండు గ్రామముల నడుమ నెంత తీగె పట్టునో మాకు తెలియును. ప్రతి గ్రామమునకును విద్యుత్తు చేరవలెను. మొత్తము తీగె మాత్రము సాధ్యమైనంత తక్కువ కావలెను. దారి యేది?"

పది గ్రామములను కలుపుటకు తొమ్మిది తీగెలు చాలును. కాని ఆ తొమ్మిదింటి నెన్ని విధముల నేర్పరుపవచ్చును? 1889లో ఆంగ్ల గణితవేత్త కేలీ ప్రకటించిన సూత్రము ననుసరించి అవి 10 కోట్లు! ఒక్కొక్కటి వ్రాసి చూచుట మనుష్యమాత్రునకు శక్యము కాదు.

1926లో బొరూవ్కా సమాధానము ప్రకటించెను. గణితవేత్తలకొక వ్యాసమును, విద్యుత్పనివారికి వేరొక వ్యాసమును వ్రాసెను. పద్ధతి మిక్కిలి సులభము. ప్రతి గ్రామమును తనకు మిక్కిలి దగ్గరనున్న గ్రామముతో కలియవలెను. అందుచే చిన్న చిన్న గుంపు లేర్పడును. పిమ్మట ప్రతి గుంపును ఒకే గ్రామమువలె భావించి, తనకు దగ్గరి గుంపుతో కలియవలెను. ఇట్లే అన్నియు నొకటగువరకు సాగవలెను. విడతవిడతకు గుంపుల సంఖ్య సగమునకైనను తగ్గును గనుక, వేయి గ్రామములకైనను 9 విడతలు మించవు.

ఇది సరియైన దారియే యని నమ్ముట యెట్లు? ఒక గుంపుచుట్టు పొలిమేర గీచితి మనుకొందము. దానిని దాటు తీగె యొకటైనను లేక తీరదు. దాటగల తీగెలలో మిక్కిలి పొట్టిదానిని విడిచి, ఎవరైన వేరొక యేర్పాటు చేసిరనుకొందము. ఆ పొట్టి తీగెను గూడ చేర్చినచో ఒక వలయ మేర్పడును. వలయము పొలిమేరను ఒకచోట దాటి వెలికి పోయినచో, మరియొకచోట దాటి లోపలికి రాక తప్పదు. ఆ రెండవ తీగె పొడుగైనది. దానిని తీసివేసినను ఊళ్ళన్నియు కలిసియే యుండును. ఖర్చు మాత్రము తగ్గును. కనుక పొట్టి తీగెను విడుచుట యెప్పుడును లాభము కాదు.

1930లో యార్నిక్ అను చెక్ పండితుడు ఒక గ్రామమునుండి మొదలిడి క్రమముగా విస్తరించు వేరొక పద్ధతిని చెప్పెను. అమెరికాలో 1956లో క్రుస్కాల్, 1957లో ప్రిమ్ ఈ లెక్కను మరల చేపట్టిరి. ప్రిమ్ చెప్పినది యార్నిక్ పద్ధతియే. ప్రతి గుంపును తన పని తాను ఏకకాలమున చేసికొనగలదు గనుక, అనేక కంప్యూటర్లకు పని పంచునపుడు బొరూవ్కా పద్ధతి నేటికిని ఉపయోగపడుచున్నది.

ఇక రెండవ లెక్క. ఒకడు ఇల్లు విడిచి, అన్ని యూళ్ళను ఒక్కొక్కసారి చూచి, తక్కువ నడకతో ఇల్లు చేరవలెను. 1930లో వియన్నాలో మెంగర్ అను గణితవేత్త దీనిని దూత లెక్కగా పేర్కొనెను. మన దేశమున మహలనోబిస్ వంగదేశపు జనపనార పంట సర్వేను గూర్చి 1940లో వ్రాయుచు, పరిశీలకుల ప్రయాణపు ఖర్చును గణించెను.

ఇచ్చటను దగ్గరి యూరినే యెన్నుకొనరాదా? చూడుడు. ఒకే బాటమీద తూర్పున 1 మైలు, 5 మైళ్ళ దూరములలో రెండూళ్ళు, పడమట 2 మైళ్ళలో నొకటి కలవు. ఎప్పటికప్పుడు దగ్గరిదానికి పోవువాడు మొదట తూర్పునకు, తరువాత పడమటికి, మరల తూర్పునకు తిరిగి 16 మైళ్ళు నడచును. తూర్పు ముగించుకొని పడమటికి పోవువానికి 14 మైళ్ళే! ఇచ్చట ఒక యడుగు తక్కిన యడుగుల నన్నిటిని మార్చివేయును. ఒక తీగెకు బదులు వేరొక తీగెను పెట్టు ఉపాయము పనికిరాదు.

1954లో డాంట్జిగ్, ఫల్కర్సన్, జాన్సన్ అను మువ్వురు అమెరికాలోని 49 నగరములకు కనిష్ఠమైన దారిని కనుగొని, అంతకన్న తక్కువది లేదని ఋజువు చేసిరి. 2006లో కాంకార్డ్ అను కంప్యూటరు ప్రోగ్రాముచే 85,900 స్థానముల లెక్క తేలినది. అయినను అన్ని సందర్భములకు చెల్లు శీఘ్రమైన పద్ధతి దొరకలేదు. అట్టిది లేదనియు నెవరును ఋజువు చేయలేదు. ఇట్టి లెక్కలు పెక్కు ఒకే కఠినతగలవనియు, ఒకటి శీఘ్రముగ లొంగినచో తక్కినవియు లొంగుననియు 1972లో కార్ప్ చూపెను.

ఒక చిత్రమును గమనింపుడు. పది యూళ్ళను చుట్టివచ్చు విధములు 1,81,440 మాత్రమే. తీగెల విధములు 10 కోట్లు. ఎక్కువ విధములున్న లెక్క సులభమైనది, తక్కువ విధములున్నది కఠినమైనది! కావున పని పెద్దదా చిన్నదా యని మాత్రమే చూచుట చాలదు. నేటి తీర్మానము రేపటి పనిని చెరుపునా, చెరుపదా యని విచారింపవలెను. చెరుపనిచోట దగ్గరిదానిని పట్టుకొనుట వివేకము. చెరుపుచోట మొదటి యడుగునకు ముందే తుది యడుగును తలపోయవలెను. ఊరికి కాలువ త్రవ్వించునపుడును, బాట వేయించునపుడును మీవంటి పెద్దలు ఈ భేదమును గుర్తుంచుకొందురని నా విన్నపము.