విశ్వాసమే కొలబద్ద: బాలలపై ఘోరాపరాధముల వర్గీకరణము, దండనక్రమము

విజయవాడ గవర్నర్‌పేటలో ఒక పసిబిడ్డకు ఘోరమైన హాని జరిగినపుడు, ఆ హాని యే నేరముగా పేర్కొనబడును, దానికెంత దండన విధింపబడును అను ప్రశ్నలకు నేటి శాసనము చెప్పు సమాధానము, నూఱేండ్లకు పూర్వము ఇచ్చటనే చెల్లిన సమాధానముకంటె మిక్కిలి భిన్నమైనది. ఈ భేదము శిక్షల పెంపు మాత్రమే కాదనియు, నేరమును తూచు కొలబద్దయే మారినదనియు నిరూపించుట ఈ వ్యాసోద్దేశము.

కృష్ణామండలము మద్రాసు రాజధానిలో భాగమై యున్న కాలమున, 1862లో అమలులోనికి వచ్చిన భారత శిక్షాస్మృతి బాలికపై అత్యాచారమును ప్రధానముగా ఆమె వయస్సునుబట్టియే తూచెను. బాలిక సమ్మతిని లెక్కింపరాని వయఃపరిమితి మొదట 10 ఏండ్లు. అది 1891లో 12కు, 1925లో 14కు, 1949లో 16కు పెరిగెను. 1925 నుండి భర్తకు వేఱొక తక్కువ పరిమితి యేర్పడి, 2017 అక్టోబరు 11న సుప్రీంకోర్టు దానిని 18 ఏండ్లకు చేర్చువఱకు, వివాహమే బాలికకు రక్షణ లోపింపజేయు కారణమై యుండెను. బాలురైతే అత్యాచార నిర్వచనమునకే వెలుపలివారైరి.

2012 నవంబరు 14న, బాలల దినోత్సవమునాడే, అమలైన, లైంగిక నేరములనుండి బాలలను రక్షించు పోక్సో చట్టము, 18 ఏండ్లలోపు వారినందఱిని ఆడమగ భేదము లేక బాలలుగా గ్రహించి, లైంగిక నేరములను మెట్లుగా విభజించెను. 2019 సవరణ తరువాత, ప్రవేశాత్మకమైన దాడికి కనీసము 10 ఏండ్ల కారాగారము, బిడ్డ వయస్సు 16 ఏండ్లలోపైనచో కనీసము 20 ఏండ్లు. దురుద్దేశముతో తాకుటకు 3 నుండి 5 ఏండ్లు. స్పర్శ లేకయే మాటలచే, చేష్టలచే వేధించుటకు 3 ఏండ్లవఱకు శిక్ష కలదు.

అయితే ఈ చట్టమునకు ప్రాణమైన విభాగము ‘తీవ్రతరము’ అనునది. నేరస్థుడు పోలీసు అధికారియైనను, ప్రభుత్వోద్యోగియైనను, బిడ్డ చదువుకొను పాఠశాలలోనో చికిత్స పొందు ఆసుపత్రిలోనో పనిచేయువాడైనను, రక్తబంధువైనను, ఒకే యింట నివసించువాడైనను, అదే ప్రవేశాత్మకమైన దాడి ఉన్నతమైన మెట్టునకు చేరి, కనీసము 20 ఏండ్లు మొదలు యావజ్జీవము, మరణదండనవఱకు శిక్షార్హమగును. బిడ్డ 12 ఏండ్లలోపుదైనను, వికలాంగయైనను ఇదే విధి. బిడ్డ యెవరిని నమ్మవలసియున్నదో వారే చేసిన ద్రోహమును శాసనము ఘోరతమముగా నెంచినదని దీని భావము.

లైంగికేతరములైన నేరములయందును వర్గీకరణము సూక్ష్మమైనది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత బిచ్చమెత్తించుటకై బిడ్డను అపహరించినవానికి కనీసము 10 ఏండ్లు, అందుకై అంగవైకల్యము కలిగించినవానికి కనీసము 20 ఏండ్ల శిక్ష విధించినది. నాలుగు దిక్కుల రైళ్లు కలియు విజయవాడ జంక్షనున్న ఈ నగరమునకు ఈ విధుల ప్రాముఖ్యము వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇక రాష్ట్రశాసనము. శిక్షాన్యాయము ఉమ్మడి జాబితాలోనిది గనుక, కేంద్రచట్టముతో విభేదించు రాష్ట్రచట్టమునకు రాష్ట్రపతి ఆమోదము ఆవశ్యకము. 2019 డిసెంబరు 13న ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆమోదించిన దిశ బిల్లు, స్పష్టమైన సాక్ష్యమున్న కేసులలో 7 పనిదినముల దర్యాప్తు, 14 పనిదినముల విచారణ ప్రతిపాదించెను; రాష్ట్రపతి ఆమోదము లభింపమిచే అది చట్టము కాలేదు. వేగమునుగూర్చిన ఆరాటము న్యాయమైనదే; కాని పోక్సో చట్టమే విచారణ సాధ్యమైనంతవఱకు ఏడాదిలో ముగియవలెనని చెప్పుచున్నది. ఉన్న గడువును నెరవేర్చు న్యాయస్థానములను, సిబ్బందిని సమకూర్చుట ముందుగా కావలసినది.

విశ్వాసము కొలబద్దయైనచో, విశ్వాసపాత్రులకు కర్తవ్యమును తప్పదు. నేరము జరిగినట్లు తెలిసియు పోలీసులకు తెలుపనివారికి 6 నెలలవఱకు, సంస్థ నధికారముతో నడపువారు తమ క్రిందివారి నేరమును దాచినచో ఏడాదివఱకు కారాగారమును పోక్సో చట్టమే విధించినది. కావున పరువుకొఱకు ఇంటిలో అణచివేయు మౌనమును, పేరుకొఱకు పాఠశాలలో కప్పిపుచ్చు మౌనమును నేరములే. యూనిఫారము లేని అధికారి బిడ్డ ఇంటికే వచ్చి వాఙ్మూలము తీసికొనవలెనని శాసనము నిర్దేశించినది. ఆ అధికారి రావలెనన్న, బిడ్డ తడబడుచు చెప్పిన సగము మాటను ముందుగా నమ్మిన పెద్దయొకడు ఆ యింటనో, ఆ వీధినో ఉండవలెను.