ఇంజన్ కూర్చునే చోటు

ఆగస్టు నెల. రియాద్ పాత సనాయియాలో, అంటే పారిశ్రామికవాడలో, అసర్ నమాజు అయిపోయి షట్టర్లు మళ్లీ పైకి లేస్తున్నాయి. గ్యారేజీలో అడుగు పెట్టగానే కాలిన గ్రీజు వాసన, దాని వెనకే రేకుల కప్పు నుంచి దిగే వేడి. నడుమ బానెట్, రేడియేటర్, గ్రిల్లు ఊడదీసిన ల్యాండ్ క్రూజర్ పికప్ ఉంది, ఎఫ్‌జే45. దాని 4.2 లీటర్ల ఆరు సిలిండర్ల 2ఎఫ్ ఇంజన్ మూలన చెక్కదిమ్మల మీద పడి ఉంది. చైన్ బ్లాకుకు వేలాడుతున్నది షెవ్రొలే 350, 5.7 లీటర్ల వీ8. అల్ హాయిర్ తష్లీహ్ అనే తుక్కు యార్డులో పాత బండ్ల గుట్టల మధ్య వెతికి తెచ్చినది.

గొలుసు కిర్రుమంటుంది. జగిత్యాల మేస్త్రి ఒక చెయ్యి ఇంజన్ మీద, ఇంకో చెయ్యి ఛాసిస్ మీద పెట్టి వంగి చూస్తున్నాడు.

"జర దించు తమ్మీ. ఇంకింత. ఆగు, ఆగు!"

గొలుసు పట్టుకున్న రాయచోటి కుర్రాడికి చెమట కళ్లలోకి కారుతోంది. "ముందే ఫౌండేషన్లు వెల్డింగ్ చేసింటే, దాని మీద పెట్టేసేవాళ్లం కదన్నా?"

"ఇంజన్ యాడ కూసుంటదో తెల్వకుండ కుర్సీ యాడ ఎయ్యాలె?"

ఇంజన్ మార్పిడిలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇదేనని నేను నమ్ముతాను. చాలామంది మౌంట్, అంటే ఆ ఫౌండేషన్, కొనుక్కొచ్చి, అది ఎక్కడ పడితే అక్కడ ఇంజన్ని కూర్చోబెడతారు. ఇక్కడ ఇంజన్ గాల్లో ఉండగానే చోటు ఖాయమవుతోంది. బండి నాలుగు చక్రాల మీదే నిలబడి ఉంది. జాకీల మీద ఎత్తితే స్ప్రింగులు జారి కొలతలు తప్పుతాయి. ముందు ఇరుసు పూర్తిగా పైకి లేచినా ఆయిల్ సంపుకు తగలకూడదు. ఫ్యానుకూ రేడియేటర్‌కూ మధ్య వేళ్లు దూరేంత ఖాళీ ఉండాలి. ఎడమవైపు స్టీరింగ్ బాక్సు అడ్డం. మామూలు ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ దానికి తగులుతుంది కాబట్టి పొట్టేలు కొమ్ముల్లా నడిమి నుంచి కిందికి వంగేవి బిగించారు.

మేస్త్రి యాంగిల్ మీటరును గేర్‌బాక్సు వెనక ఫ్లాంజి మీద ఆనించి, తర్వాత డిఫరెన్షియల్ ఫ్లాంజి మీద ఆనించి చూస్తాడు. రెండూ ఒకదానికొకటి సమాంతరంగా రావాలి, లేకపోతే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు వేగం అందుకోగానే బండిని వణికిస్తాయి. ఇంజన్ వెనక్కి మూడు డిగ్రీలు వాలింది. కార్బ్యురేటర్ మట్టంగా ఉండాలంటే ఆ వాలు కావాలి.

కొలతలు కుదిరాక, బ్లాకు పక్కలనున్న మూడేసి బోల్టు రంధ్రాల దగ్గర అట్టముక్క పెట్టి బ్రాకెట్ ఆకారం గీసుకుంటున్నారు. పాత 2ఎఫ్‌కు ముందు రెండు, వెనక బెల్ హౌసింగ్ దగ్గర రెండు, మొత్తం నాలుగు ఆనుపులు. కొత్తదానికి పక్కల రెండు, గేర్‌బాక్సు కింద ఒకటి. మూడే ఉండటం ఎడారిలో మేలు. దహనా ఇసుకదిబ్బ మీద ఒక చక్రం పైకి, ఒకటి కిందికి పోతే ఛాసిస్ మెలిక తిరుగుతుంది. మూడు ఆనుపుల మీదున్న ఇంజన్‌కు ఆ మెలిక అంతగా అంటదు.

ఇప్పుడు అసలు ఎంపిక. బల్ల మీద ఎర్రటి పాలీయురేథేన్ మౌంట్లు మెరుస్తున్నాయి. కుర్రాడి కళ్లు వాటి మీదే ఉన్నాయి.

"ఇవి గట్టివి కదన్నా, నూనెకు కూడా పాడవ్వవు."

"గట్టివే. వణుకంత ఛాసిస్‌ల దిగుతది. క్యాబిన్ల కూసున్నోనికి పండ్లు గూడ అదురుతయ్. గేర్‌బాక్సు కింద మెత్తటిది ఉంచి, ముందట ఇసొంటియి ఎక్కిస్తే కేసింగ్ చెవులు పలుగుతయ్."

ఆయన చేతికి తీసుకున్నది నల్లటి రబ్బరు మౌంటు. దాని రెండు ఉక్కు చిప్పలు ఒకదానిలో ఒకటి కొక్కెం వేసుకున్నట్టు ఉంటాయి. రబ్బరు చిరిగినా ఇంజన్ లేచిపోదు. ఎక్సలేటర్ తొక్కగానే క్రాంకు ఒకవైపు తిరిగితే, ఇంజన్ ఒళ్లు ఇంకోవైపు తిరగాలని చూస్తుంది. ఎడమవైపు లేస్తుంది, కుడివైపు అణుగుతుంది. ఈ గేర్‌బాక్సులో మొదటి గేరు మూడున్నర రెట్లు, లో రేంజి దాన్ని దాదాపు రెట్టింపు చేస్తుంది. ఇసుకలో దిగబడి తొక్కినప్పుడు మౌంట్ల మీద పడే మెలిక ఇంజన్ టార్కుకు ఏడింతలు.

1971 డిసెంబరులో జనరల్ మోటార్స్ ఇలా ఇంజన్ లేవడం వల్లే దాదాపు 67 లక్షల బండ్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. ఎడమ మౌంటులో రబ్బరు ఊడితే ఇంజన్ లేచి, ఎక్సలేటర్ లింకును లాగి, థ్రాటిల్ తెరుచుకునే ఉండిపోయేది. అప్పట్లో ఉక్కు తాడుతో ఇంజన్ని కట్టేశారు. తర్వాతి మోడళ్లలోకి ఈ కొక్కెం రకం వచ్చింది. వెనక్కి పిలిచిన ఆ బండ్లలో ఉన్న జాతి ఇంజనే ఇప్పుడు మన కళ్ల ముందు వేలాడుతోంది, కాబట్టి మౌంటు విషయంలో పిసినారితనం పనికిరాదు.

పాకిస్తానీ వెల్డర్ వచ్చాడు. 6 మిల్లీమీటర్ల ప్లేటును ఛాసిస్ నిలువు గోడకు ఆనించి టాకాలు మాత్రమే వేస్తాడు. ఇంజన్ బరువు పూర్తిగా దించి కొలతలన్నీ మరోసారి చూశాక, ఇంజన్ లేపి, రబ్బర్లు విప్పి, బ్యాటరీ నెగటివ్ తీశాకే పూర్తి వెల్డింగ్. రబ్బరు ఉండగా కాలిస్తే లోపల ఉక్కుకు అతుకు వదిలేస్తుంది. మేనిఫోల్డుకూ మౌంటుకూ మధ్య రేకు ముక్కను అడ్డంగా బిగిస్తారు. 45 డిగ్రీల ఎండకు ఎగ్జాస్ట్ వేడి తోడైతే రబ్బరు గట్టిపడి పగలడానికి ఎన్నో వేసవులు పట్టవు.

మిగతా బిగింపులన్నీ అయ్యాక, ఒక రాత్రి ఇషా దాటాక ఇంజన్ స్టార్టయింది. బ్రేకు గట్టిగా తొక్కి, గేరు వేసి, క్లచ్ సగం వదిలి, బండి యజమాని కొంచెం ఎక్సలేటర్ ఇస్తాడు. మేస్త్రి టార్చి పట్టుకుని ఎడమ మౌంటునే చూస్తున్నాడు. వేలి మందం లేచి ఆగింది. ఫ్యాను ఎక్కడా తగల్లేదు.

"నాలుగైదు వందల కిలోమీటర్లు తిప్పినంక మళ్ల తీసుకరమ్మని చెప్పు," అంటాడు కుర్రాడితో, యజమానికి అరబ్బీలో చెప్పమన్నట్టు. "రబ్బరు కూసుంటది, బోల్టులు వదులైతయ్. బిగించాలె. అప్పటిదాంక దిబ్బలెక్కొద్దను."