పన్ను లేని నేల: గన్నవరపు పెరళ్ల పూర్వకథ

కృష్ణా మండలమునందలి యే గ్రామపు చరిత్రనైనను వ్రాయబూనినవారికి మాగాణిని గూర్చియు, మెట్టను గూర్చియు, నీటితీరువను గూర్చియు కావలసినంత సామగ్రి లభించును. శిస్తు వసూలుచేయు ప్రభువు ఏ నేలనుండి యెంత రాబడి వచ్చునో లెక్క వ్రాయించుకొనక మానడు గదా! కాని, ఇంటి వెనుక, బావికిని పశువుల చావడికిని నడుమ, దడి కట్టిన నాలుగు సెంట్ల నేలలో ఇల్లాలు పెట్టిన బీరపాదును గూర్చి గాని, చిక్కుడు పందిరిని గూర్చి గాని ఆ లెక్కలలో ఒక్క ముక్కయైనను కానరాదు. ఇండ్లున్న చోటు గ్రామకంఠము. గ్రామకంఠమునకు శిస్తు లేదు. శిస్తు లేని నేలలో ఏమి పండినదో కరణమునకు అక్కర లేదు. గన్నవరపు పెరళ్ల పూర్వకథను అందుచేత దస్త్రములలో గాక పండుగలలో వెదకవలసియున్నది. ధనుర్మాసము మొదలు ఉగాది వరకు ఏ పర్వమునకు ఏ పువ్వు, ఏ కాయ, ఏ ఆకు కావలెనని మన పూర్వులు నియమించిరో ఓపికతో పరిశీలించినచో, ఆ చలి నెలలలో పెరటియందు ఏమేమి పండుచుండెనో తేటతెల్లమగును.

గన్నవరము బెజవాడకు తూర్పున, ఏలూరు పోవు రహదారిమీద, రెండు నేలలు కలియు చోట నున్నది. ఉత్తరముగా ఆగిరిపల్లి, నూజివీడు వైపు పోయినకొలది నేల ఎర్రబారి మామిడితోటలు దట్టమగును. దక్షిణముగా కంకిపాడు, ఉయ్యూరు వైపు దిగినకొలది నల్లనేలయు, ఏరు తెచ్చిన ఒండ్రును ఎదురగును. ఇచ్చటి చలి నీరు గడ్డకట్టు చలి కాదు. పుష్య మాఘముల రాత్రులలో ఇరవై డిగ్రీలకు దిగువగా దిగి, వేకువను పొగమంచు కమ్మి, ప్రొద్దెక్కిన పిదప మరల ఎండకు లొంగిపోవు మెత్తని చలి. ఐనను బీర, పొట్ల, కాకర వంటి ఉష్ణప్రియములైన తీగలను అణచుటకు ఆ మాత్రము చాలును. గింజ మట్టిలో మొలవక నానుచుండును. మొలచినను రెండాకులు విప్పి ఎదుగుబొదుగు లేక నిలిచిపోవును.

చిక్కుడు సంగతి వేరు. పగలు కురుచయై రాత్రి పెరిగినగాని నాటు చిక్కుడు పూయదు. ఆషాఢ శ్రావణములలో పెట్టిన పాదు వానకాలమంతయు ఆకుతోను తీగతోను పందిరినిండ అల్లుకొని, మార్గశిరమున పూత పట్టి, పుష్య మాఘములలో గెలలుగెలలుగా కాచును. రథసప్తమినాడు సూర్యునికి చిక్కుడుకాయల రథమును సమర్పించు ఆచారము ఈ ప్రకృతిధర్మమునుండియే పుట్టినదని నా నమ్మకము. ఆనాటి వేకువను జిల్లేడాకులును రేగుపండ్లును తలపై నుంచుకొని స్నానముచేసి వచ్చిన ఇల్లాలు, పందిరికడకు పోయి, ముదరని కాయలను కోసి, చీపురుపుల్లలను అడ్డముగా గుచ్చి, చక్రములు, పీఠము, ధ్వజము అమర్చి, అరచేయంత రథమును సిద్ధపరచును. తులసికోట యెదుట ఎండ పడు చోట పిడకలమీద పాలు పొంగించి, క్రొత్తబియ్యమును బెల్లమును వేసి పరమాన్నము వండి, దానిని చిక్కుడాకులలోనే నివేదించును. కాయయు ఆకును ఆ వేకువనే కోసినవి కావలెనన్నచో పందిరి పెరటిలోనే యుండవలెను గదా! గొబ్బెమ్మ తలపై నుంచు గుమ్మడిపువ్వు పాకల కప్పులమీద ప్రాకిన తీగది; భోగినాడు పిల్లల తలపై పోయు రేగుపండ్లు దడి మూలనున్న చెట్టువి.

ఈ పెరటిపంట ఎంత పురాతనమైనదో నిర్ణయించుట కష్టమే గాని, సాహిత్యమునందు ఒక చక్కని సాక్ష్యము కలదు. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రకు పోవుచు బెజవాడలో విడిసి, అచ్చటినుండి కృష్ణాతీరమందలి శ్రీకాకుళమునకు వచ్చి ఆంధ్రమహావిష్ణువును సేవించినప్పుడు, ఆ స్వామి స్వప్నమున ఆనతిచ్చుటచే ఆముక్తమాల్యదను రచించితినని చెప్పుకొనెను. మన మండలములోనే సంకల్పింపబడిన ఆ కావ్యమునందు, విష్ణుచిత్తుని యింట అతిథులకు ఋతువునుబట్టి మారు భోజనము వర్ణింపబడినది. జడివానల నాళ్ల విస్తరిలో వడియములును వరుగులును చోటుచేసికొన్నవి. వరుగు అనగా, కూరలు సమృద్ధిగా నున్న నాళ్లలో ముక్కలు కోసి, ఎండబెట్టి, లేని నాళ్లకై దాచుకొన్నది. ఏ నెల మిగులును ఏ నెల కొరతకు చేర్చవలెనో ఎరిగిన గృహిణి ఆనాటికే మన యిండ్లలో నుండెననుటకు ఇంతకన్న వేరు సాక్ష్యము అక్కరలేదు.

రాయల విస్తరిలో మిరపకాయ లేదు. కారమునకు మిరియమే దిక్కు. మిరప, జామ, బొప్పాయి, సీతాఫలము మున్నగునవి అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి ఓడల మూలమున మన దేశమునకు వచ్చినవి. డచ్చివారు 1605 ప్రాంతమునను, ఇంగ్లీషువారు 1611లోను మచిలీపట్టణమున వర్తకము నెలకొల్పుకొన్న పిదప ఈ సీమకు సముద్రాంతర పదార్థములతో పరిచయము మరింత పెరిగెను. టమాటాయు, కాబేజీయు, కాలీఫ్లవరును చాలకాలము దొరల వంటలకే పరిమితములై, ఇరువదవ శతాబ్దమున గాని మన పెరళ్లకు రాలేదు. జామయు బొప్పాయియు మాత్రము అట్లు గాక, వచ్చినవి వచ్చినట్లే బావిగట్టున నిలిచి, మన చెట్లే యనిపించుకొన్నవి.

పెరటికి నిజమైన పరీక్ష కరువులలో వచ్చెను. 1832–33లో, నందన నామ సంవత్సరమున, గుంటూరు సీమను పాడుపెట్టిన డొక్కల కరువును తలచుకొన్నచో నేటికిని గుండె చెదరును. ఆనాడు కృష్ణ నీరు సముద్రము పాలగుచుండగా ఒడ్డుననున్న జనులు తిండిలేక మాడిరి. కాటన్ దొర ప్రోద్బలమున, కెప్టెన్ ఆర్ పర్యవేక్షణలో 1852లో ఆరంభమైన బెజవాడ ఆనకట్ట 1855 నాటికి ముగిసెను. కాలువలు సాగెను. గన్నవరము మీదుగా పోవు ఏలూరు కాలువ నీరిచ్చుటయే గాక కృష్ణను గోదావరి కాలువలతో కలిపి పడవల రాకపోకలకు దారి తెరచెను.

ఆనకట్ట మేలును తక్కువచేసి చెప్పుట నా యుద్దేశము కాదు. డెల్టా బిడ్డలకు అన్నము పెట్టినది అదియే. కాని, కాలువ నీరు పారినంత మేర వరి వ్యాపించి, నాలుగు పైరులు కలిసి యుండిన చేలు ఏకపైరు చేలైనవి. ఆషాఢము మొదలు మార్గశిరము వరకు నీట నిలిచిన మాగాణిలో వంగమొక్కకు చోటెక్కడిది? కోతలైన పిమ్మట తడియారని నేలలో మినుమో పెసరయో చల్లుటయే పరిపాటి. కూరగాయలకు కృష్ణ లంకలును, ఇంటి పెరడును మాత్రమే మిగిలెను. వరి మగవాని సేద్యమై, లెక్కలకెక్కి, ధర పలికి, భూములకు విలువ పెంచెను. పెరడు ఆడుదాని సేద్యమై, ధర లేనిదై, లెక్కలేనిదై, ప్రతిదినము విస్తరిలో కనబడుచుండెను. ఆ శ్రమను మన చరిత్రకారులు ఇన్నాళ్లును గుర్తింపకుండుట న్యాయము కాదు.

ఆ సేద్యమునందలి నేర్పంతయు మాఘమాసమున బయటపడును. రథసప్తమికిని శివరాత్రికిని నడుమ, చలి పోయినట్లే తోచి మరల మళ్లు ఆ దినములలో, వేసవి పాదులు పెట్టవలెను. ఆలస్యమైనచో పూతవేళకు ఎండలు ముదిరి పిందె నిలువదు, తొందరపడినచో గింజ మొలవదు. నిరుటి గుమ్మడి, ఆనప గింజలను పేడముద్దలో గుచ్చి గోడకు కొట్టియుంచిరి. బీరకాయను తీగమీదనే ఎండనిచ్చి చూరునకు వ్రేలాడదీసిరి. వాటిని దించి, ఒక రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి, వడ్లకు మండెకట్టినట్లే వెచ్చని చోట, పొయ్యిగట్టుమీదనో గడ్డివాములోనో, మొలక తెల్లగా కనబడువరకు ఉంచెదరు. గోడ వార, ప్రొద్దుటి యెండ తగులు చోట, మాగిన పెంట కలిపిన గోతిలో పాదు చేసి, స్నానముల నీరు అటు మళ్లించెదరు. లేతాకులమీద మంచు ఆరకముందే పొయ్యిలోని బూడిద చల్లుదురు. తడికి అంటుకొన్న బూడిద పురుగును దరిజేరనీయదు. ఫాల్గునమున పొట్ల పిందెదిగినప్పుడు, కాయ వంకరపోకుండ కొనకు దారముతో చిన్నరాయి కట్టుదురు. ఒక బారు పందిరి క్రింద పదిపన్నెండు రాళ్లు గాలికి అల్లనల్లన ఊగుచుండగా చూచినవారికి ఆ చేతుల శ్రద్ధ యెట్టిదో తెలియగలదు.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున ప్రభుత్వము మొదటిసారి పెరటివైపు చూచెను. 1942లో బర్మా జపాను వశమై రంగూను బియ్యము ఆగిపోగా, అధికాహారోత్పత్తి ఉద్యమము బయలుదేరి, ఖాళీ నేలలలో కూరగాయలు పెంచుడని పట్టణవాసులకును బోధలు సాగెను. గన్నవరమున విమానములు దిగుటకు నేల చదును చేసినదియు ఆ యుద్ధకాలముననే. నేడు ఆ విమానాశ్రయము పెరిగి, చుట్టును ఇండ్లస్థలములు పెరిగి, పెరడు తరిగినది. పందిరి లేని యింటివారు మిద్దెమీద తొట్లలో బీర పాకించుకొనుచున్నారు. అది మెచ్చదగిన ప్రయత్నమే.

పెరటి చెట్లలో చలికి మేలును కీడును రెండును పొందునది మామిడి. చలి తగినంత పడినగాని పూత రాదు. పూత వచ్చిన పిదప పొగమంచు విడువక కమ్మినచో బూడిద తెగులు పట్టును, తేనెమంచు పురుగు రసము పీల్చి ఆకులపై జిగట చిందించును, ఆ జిగటమీద నల్లని మసి పేరుకొనును. చిన్నరసమైనను, పెద్దరసమైనను, చెరుకురసమైనను ఈ గండము గడువవలసినదే. గడిచిన పూత పిందెలై, ఫాల్గునపు గాలికి కొన్ని రాలును. రాలినవానిని ఇంటివారు పారవేయరు: కొన్ని పప్పులోనికి, కొన్ని ఉగాది పచ్చడిలోనికి పోవును. వేసవిలో గాలిదుమారమునకు రాలిన కాయలను చెక్కు తీసి, ముక్కలు తరిగి, ఉప్పు చల్లి, చాపమీద ఎండలో గలగలలాడునట్లు ఎండబెట్టి, జాడీలో పోసి మూతకు గుడ్డ కట్టెదరు. ఆషాఢపు ముసురులో, పెరటిలో కోయుటకు కాయ లేని నాడు, ఆ వరుగునే గుప్పెడు తీసి కందిపప్పులో వేయుదురు.